ఇరవై ఒక్క పిలుపులు

తీయను. ఒక్క పేరు కూడా తీయను. పైకి ఈ మాట అనలేదు, పైకి అన్నది "ఒక్క గంట టైమియ్యండి సార్" అని మాత్రమే. రామాంజనేయులు సార్ గోడ గడియారం వంక చూశాడు, నా వంక చూశాడు, మళ్లీ గడియారం వంకే చూసి, "పదకొండుకు ఆ సంస్థోళ్లు ఫోన్లోకొస్తారప్పా నర్సయ్యా. అంతలోపల నీ ప్రోగ్రామ్ యాడా ఇరుక్కోకుండా నడస్తా ఉండల్ల. లేదంటే ఆ తొమ్మిది పేర్లూ తీసేసి పంపిస్తాం, అంతే" అని తన అద్దాల గదిలోకి వెళ్లిపోయాడు. తలుపు మూసుకునే ముందు వెనక్కి తిరిగి ఇంకో మాట వదిలాడు. "లైట్లు ఆర్పేదీ మీవాళ్లే, జవాబు రాలేదని ఏడ్చేదీ మీవాళ్లే." నవ్వుతూనే అన్నాడు. ఆయన నవ్వుతూ అన్న మాటలే నాకు ఎక్కువ రోజులు గుర్తుంటాయి, కోపంతో అన్నవి సాయంత్రానికే మరిచిపోతాను, ఆయనా మరిచిపోతాడు, ఇద్దరం కలిసి కింద టీ తాగుతాం.

పదీ రెండు నిమిషాలు. తెర మీద ఇరవై ఒక్క వరుసలు, వరుసకొక ఊరు. ఊరికొక రక్తనిల్వ కేంద్రం, కేంద్రానికొక కంప్యూటర్, ఆ కంప్యూటర్‌లో ఏ గ్రూపు రక్తం ఎన్ని సంచులుందో రాసిపెట్టిన పట్టిక. మాకు ఈ పనిచ్చిన సంస్థ హెల్ప్‌లైన్‌లో కూర్చున్న అమ్మాయి ఇక్కడ గ్రూపు కొట్టి మీట నొక్కితే, మా ప్రోగ్రామ్ అంతదూరంలో ఉన్న ఆ యంత్రాన్ని పేరుపెట్టి పిలిచి, నీ దగ్గరుందా అని అడగాలి, అది చూసి చెప్పాలి. మా పనిలో దీన్ని రిమోట్ కాల్ అంటారు. నాకు ముందున్నవాళ్లు రాసిన ప్రోగ్రామ్ మర్యాదస్తుడిలాంటిది, ఒక ఊరిని పిలిచి, అది పలికేదాకా అక్కడే నిలబడి, పలికాక రెండో ఊరికి వెళ్లేది. అందరూ పలికిన రోజుల్లో దానితో ఏ బాధా లేదు. తెలంగాణ కోసం సమ్మె మొదలై ఇరవై రోజులు, సింగరేణిలో బొగ్గు తవ్వడం ఆగింది, కరెంటు ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు, జనగామ పలకదు, సిరిసిల్ల పలకదు, ప్రోగ్రామ్ వాటి గడపల్లో చేతులు కట్టుకుని నిలబడిపోతుంది, దాని వెనక తెనాలిలో ఉన్న రక్తం కూడా కనబడదు, అమ్మాయి ముందు తెర రాయిలా గడ్డకట్టుకుపోతుంది. అందుకని పలకని తొమ్మిది ఊర్లనూ జాబితాలోంచి తీసేయమన్నారు. తొమ్మిదీ మా పక్కవే. తాత్కాలికంగా అన్నారు. తాత్కాలికంగా అనే మాట నేను చాలాసార్లు విన్నాను, నా వయసున్న తెలంగాణ మనిషి ఎవడైనా విన్నాడు, ఆ మాట చెప్పినవాళ్లు వెళ్లిపోతారు, మాట ఉండిపోతుంది.

నేను వారం రోజులు కూర్చుని తిరగరాశాను. ఇరవై ఒక్క ఊర్లనూ ఒకేసారి పిలువు. ఎవరి గడపలోనూ నిలబడకు. జవాబు వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే చెప్పి ఉంచు, వచ్చింది వచ్చినట్టు తెర మీద పెట్టు, రానివాళ్లను రెండు నిమిషాలకొకసారి మళ్లీ పిలువు, వాళ్ల కోసం మిగతావాళ్లను ఆపకు, మిగతావాళ్ల కోసం వాళ్లను వదలకు. రాస్తుంటే ఇది కొత్త సంగతిలా అనిపించలేదు. మా రేణుక పొద్దున ఒక పొయ్యి మీద అన్నం పడేసి, రెండో పొయ్యి మీద పప్పు పెట్టి, ఈలోపు బతుకమ్మకు తంగేడు పూలు కట్టలు కట్టి, నా డబ్బా సర్ది, పాప జడ వేస్తుంది. అన్నం దగ్గర నిలబడి ఉడుకుతుందా ఉడుకుతుందా అని చూసే ఆడది మేముండే నిజాంపేటలో ఎక్కడా ఉండదు. నిన్న ఈ మాటే ఆమెతో అంటే, "గీ ముచ్చటకు నీకు జీతమిస్తున్రా?" అని నవ్వింది, తర్వాత కొంచెం ఆగి, "గా సార్‌తోని జిద్దుకు పోకు, కిరాయి ఇంట్ల ఉన్నం, బస్సులు లేవు, ఉద్యోగం పోతే గీ దినాలల్ల ఎవడియ్యడు" అంది. పొద్దున దీపం పెట్టేటప్పుడు లక్ష్మీనరసింహస్వామి పటం ముందు నేను రోజూలాగే నిలబడ్డాను కానీ ఉద్యోగం కాపాడమని అడగలేదు. ఏం అడగాలో తెలియక ఊరికే నిలబడి వచ్చాను. అట్లా నిలబడటం కూడా అడగడమేనా? చదువుకున్నవాళ్లు చెప్పాలి. నాది జనగామలో తెలుగు మీడియం బీయెస్సీ, ఆ తర్వాత అమీర్‌పేటలో ఆరు నెలల కోర్సు, ఇంతకంటే పెద్ద విషయాలు నాకు అందవు.

మీట నొక్కాను. ఒకటి, రెండు, మూడు, నేను నాలుగు అనేలోపు పై వరుసలు నిండటం మొదలైంది. జనగామ, ఓ నెగిటివ్ మూడు సంచులు. సిరిసిల్ల, ఒకటి. మంచిర్యాల, రెండు. బోధన్, గద్వాల, సిద్దిపేట, కొత్తగూడెం, వికారాబాద్, సూర్యాపేట. తొమ్మిదీ. తొమ్మిదికి తొమ్మిదీ. వాటి కింద మరో మూడు. ఎవరు చెప్పారు మావాళ్లు పలకరని, పిలిచే పద్ధతిలో పిలిస్తే పలకరా, ముందు పలికినవి మావే కదా, కింద ఖాళీగా ఉన్న తొమ్మిది వరుసలూ కోస్తావీ సీమవీ కదా. ఇక్కడ ఒక సంగతి చెప్పుకోవాలి, పాత జాబితాలో ఊర్లు అకారాది క్రమంలో ఉండేవి, నేనే ఆ తొమ్మిదింటినీ తీసుకెళ్లి పైన పెట్టాను, ఒక్కసారైనా మావాళ్లను ముందు పిలవాలని. అందరినీ ఒకేసారి పిలిచేటప్పుడు ముందేమిటి వెనకేమిటి, ఆ ఆలోచన నాకు రాలేదు, వచ్చినా పక్కకు నెట్టి ఉంటాను. కింది ఖాళీ వరుసలు చూస్తుంటే లోపల చిన్న సంతోషం కలిగింది. స్వామికి తెలుసు, కలిగింది. కానీయ్, ఒక్క గంట వాళ్లూ ఖాళీగా ఉండనీ అనుకున్నాను. పక్క కుర్చీలోంచి శిరీష తొంగి చూసింది. ఆమెది తెనాలి, వచ్చి రెండేళ్లు, నన్ను ఆటపట్టించకుండా ఆమెకు పొద్దు గడవదు.

"ఇదేంటండీ నర్సయ్య గారూ, మా తెనాలి ఖాళీగా ఉంది? ఇందాకే అన్నయ్యతో మాట్లాడాను, కరెంటు శుభ్రంగా ఉందన్నాడే!"

"అప్పుడప్పుడు మీరు కూడ ఆగాలె కదమ్మా" అన్నాను.

"ఆగుతాం లెండి. ఎంతసేపాగాలో కూడా రాశారా అందులో? మీరు దేవుడికైనా టైమౌట్ పెట్టే మనిషండీ బాబూ" అని తన పని చూసుకుంది. ఆ కరెంటు మాట అక్కడే పట్టుకుని ఆలోచించి ఉంటే అరగంట మిగిలేది. తెనాలిలో కరెంటు ఉంది, తెనాలి పలకలేదు, జనగామలో ఏముందో నాకు తెలియదు, జనగామ పలికింది. నాకు కావలసింది కనబడుతుంటే ఇక దేన్ని తడిమి చూస్తాను?

గంట నడవాలి, నడుస్తోంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్లాను, కిటికీల దగ్గర నిలబడవద్దని పొద్దున్నే మెయిల్ వచ్చింది, అయినా వెళ్లాను. కింద రోడ్డు మీద వంటావార్పు. రోడ్డుకు అడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు ఎనిమిదో తొమ్మిదో పెట్టారు, పెద్ద పెద్ద గిన్నెలు, పొగ నేరుగా లేచి అద్దాల మేడల నడుమ ఎటు పోవాలో తెలియనట్టు తిరుగుతోంది, డప్పు కొడుతున్నారని చేతులు చూస్తే తెలుస్తోంది, శబ్దం మాత్రం ఈ అద్దంలోంచి రాదు. ఒక పెద్దావిడ చీర కుచ్చెళ్లు దోపుకుని గరిట తిప్పుతూ పైకి చూసింది. నన్నే చూసిందని అనుకోను, ఎండకు ఈ అద్దాల్లో ఆమెకు ఆమే కనబడుతుంది. ఇక్కడ ఈ మేడలు లేవకముందు ఈ రాళ్ల మధ్య జొన్నలు పండేవంటారు, పండించినవాళ్ల పిల్లలు ఇప్పుడు ఈ మేడల కింద సెక్యూరిటీ బల్లల దగ్గర రిజిస్టర్లు పట్టుకుని కూర్చున్నారు, నన్ను లోపలికి పంపేటప్పుడు "ఏందే నర్సన్నా, బంద్ నాడు గూడ డ్యూటీయేనా?" అంటారు, ఆ మాటలో ఎంత తిట్టు ఉందో ఎంత ప్రేమ ఉందో నేను తూచలేను. కిందికి దిగాలా? దిగితే ఆ తొమ్మిది పేర్లకు ఇక్కడ ఎవరున్నారు? దిగకపోతే రేపు మా పాప, నువ్వప్పుడు ఎక్కడున్నవు నాయినా అంటే? కుర్చీలో ఉన్న అంటాను. కుర్చీలో కూర్చుని కూడా కొట్లాడొచ్చు అంటాను. నమ్ముతుందో లేదో.

మేడారంలో చూశాను ఒకసారి, జంపన్నవాగు ఒడ్డున లక్షల మంది, ఒకరి మాట ఒకరికి వినబడదు, అందరూ ఒకేసారి సమ్మక్కా సారలమ్మా అని పిలుస్తారు. లైనులో నిలబడి ఒకరి కోరిక తీరాక ఇంకొకరు అడగడం అక్కడ లేదు. అడిగి, బెల్లం ఇచ్చి, బండెక్కి ఇంటికి పోతారు, నాట్లు వేసుకుంటారు, పెళ్లిళ్లు చేసుకుంటారు, జవాబు ఎప్పుడో ఏడాదికో రెండేళ్లకో వస్తుంది, కొందరికి రాదు. రానివాళ్లు మళ్లీ జాతరకు మళ్లీ అడుగుతారు. జవాబు రాలేదు కాబట్టి తల్లి లేదు అనుకున్నవాళ్లను నేను అక్కడ చూడలేదు. ఒకడు ఈసారి వచ్చి పలకరించలేదు కాబట్టి వీడి ఊరు కొట్టేద్దాం అని తల్లి అనుకుందనీ వినలేదు. ఇన్ని లక్షల పిలుపుల్లో ఎవరి కోరిక ఎవరిదో ఎట్లా గుర్తుపెట్టుకుంటుందో, అది మాత్రం అప్పుడే అడగాలనిపించింది, పక్కనున్న ముసలాయన కోప్పడతాడని ఊరుకున్నాను.

జవాబు కోసం నిలబడిపోవడం ఏమిటో నాకు తెలుసు. మా పోచమ్మక్క కాన్పు నాడు తెలిసింది. నాకు ఇరవై ఏళ్లు, బావ లారీ మీద ఉన్నాడు, అక్కకు రక్తం పోతోంది, డాక్టరమ్మ చీటీ రాసి నన్ను ఉరికించింది. ఆ దవాఖాన రక్తనిధి కిటికీ దగ్గర కూర్చున్నాయన చీటీ తీసుకుని, "కూసో, పిలుస్త" అన్నాడు. కూర్చున్నాను. పెద్దమనిషి కూర్చోమన్నప్పుడు కూర్చోవాలని మా ఇంట్లో నేర్పారు. అర్ధగంట, గంట, మధ్యలో ఒకసారి లేచి కిటికీ వైపు వెళ్లబోయి, మర్యాద కాదని మళ్లీ కూర్చున్నాను. ఊర్లో ఇంకో రెండుచోట్ల రక్తం దొరుకుతుందని నాకు తెలుసు, ఒకటి రైల్వేస్టేషన్ అవతలే, నేను లేచిపోయిన క్షణంలోనే నా పేరు పిలిస్తే ఎట్లా అని భయం. మూడు గంటలు. ఆయన డ్యూటీ దిగి వెనక తలుపులోంచి ఇంటికి వెళ్లి అప్పటికే చాలాసేపయిందని, నా చీటీ బల్ల మీద అట్లాగే ఉందని, ఇంకొకాయన వచ్చాక తెలిసింది. బిడ్డ బతికింది. అక్క లేదు. ఆ మూడు గంటల్లో ఆ మనిషి మీద నాకు అనుమానం ఎందుకు రాలేదు, నా కాళ్లు ఎందుకు లేవలేదు? అప్పటి నుంచి ఎవరైనా కూర్చో అంటే నాకు నిలబడాలనిపిస్తుంది.

పదీ ముప్పై ఎనిమిదికి సంతోషం పట్టలేక సాయిలుకు ఫోన్ చేశాను. సాయిలు జనగామ కేంద్రంలో పనిచేస్తాడు, డిగ్రీలో నా వెనక బెంచీ. సమ్మెలో ఉన్నాడు, పొద్దున చౌరస్తాలో కూర్చుంటాడు, అయినా రక్తం సమ్మె చేయదంటూ రోజుకు నాలుగుసార్లు కేంద్రానికి వచ్చి చూసి పోతాడు.

"ఏం సాయిలూ, మీ సర్వర్ మస్తు పలుకుతుంది పో! మూడు సెకన్లల్ల జవాబిచ్చింది."

"ఏ సర్వరు?"

"మీదేనే, జనగామ."

"మజాక్ చేస్తున్నవా? కరెంటే లేకపాయె. పొద్దుగాల ఆరింటికి పోయింది, ఇంక రాలే. ఐసు డబ్బలల్ల పెట్టుకొని కూసున్న. నీకు ఎవడు పలికిండు మరి?"

"ఓ నెగిటివ్ మూడు సంచులని చూపిస్తుంది..."

"మూడేడియి? ఒక్కటే ఉన్నది. గిట్ల తప్పు జెప్పకుండ్రి రా బై, ఎవలన్న నమ్మి వస్తె నేనేడికెల్లి తేవాలె?"

ఫోన్ చెవి దగ్గరే ఉంది, వాడు ఇంకా ఏదో అంటున్నాడు, నా కళ్లు తెర మీద ఉన్నాయి, మూడు అనే అంకె మీద. ఎవరివి ఆ మూడు సంచులు? జనగామవి కావు. జనగామ పలకనే లేదు. అప్పుడు తెలిసింది, ఒక్కసారిగా కాదు, నీళ్లు కాళ్ల కిందికి వచ్చినట్టు మెల్లగా తెలిసింది. ముందు ఎవరు పలికితే వాళ్ల జవాబును ఖాళీగా ఉన్న పై వరుసలో పెట్టమని నేనే రాశాను. పిలిచిన వరుసలోనే పలుకుతారని అనుకున్నాను. నేను పరీక్షించినప్పుడు ఇరవై ఒక్క ఊర్లూ నా బల్ల కింద ఒకే కంప్యూటర్ డబ్బాలో ఉన్నాయి, ఒకే డబ్బా కాబట్టి వరుస తప్పకుండా పలికాయి. నిజం ఊర్లు అట్లా పలకవు. ముందు పలికింది తెనాలి అయి ఉంటుంది, ఆ మూడు సంచులూ తెనాలివే అయి ఉంటాయి, నేను వాటిని తీసుకుని జనగామ ఒడిలో పెట్టి మురిసిపోయాను. పైన మావాళ్లను పెట్టకపోయి ఉంటే, అకారాదిలో మొదటిదైన అమలాపురం ఎదురుగా ఏదో తప్పు కనబడి ఉంటే, వెంటనే తడిమి చూసేవాణ్ని. మావాళ్లు పలికారు కాబట్టి నమ్మాను.

ఇప్పుడేమిటి? ఇరవై నిమిషాలున్నాయి. ప్రోగ్రామ్ ఎక్కడా ఆగలేదు, తెర నిండుగా కళకళలాడుతోంది, తొమ్మిది పేర్లూ పలికినట్టే ఉన్నాయి. నేను నోరు మూసుకుని కూర్చుంటే పదకొండుకు సార్ వస్తాడు, చూస్తాడు, భేష్ అంటాడు, ఒక్క పేరూ పోదు. రేపు మెల్లగా సరిచేయవచ్చు. ఒక్క రోజే కదా, తాత్కాలికంగా. ఆ మాట ఈసారి నా లోపలే వినబడింది. యాదగిరిగుట్టలో రద్దీ రోజున పంతులు ఒకేసారి పది కొబ్బరికాయలు కొట్టి చిప్పలు తిరిగి ఇస్తాడు, మా అమ్మ "ఇది మన కాయ కాదు, మనది పీచు నల్లగుండె" అని గొణిగేది, మా నాయన "ఎవరి చిప్పైతేంది, ప్రసాదమే కదా" అనేవాడు. నాయన మాటే నిజం, గుడిలో. ఇక్కడ కాదు. ఈ మధ్యాహ్నం ఎవడో ఇరవై ఏళ్లవాడు చీటీ పట్టుకుని బస్సుల్లేని రోడ్డు మీద జనగామకు ఉరుకుతాడు, మూడున్నాయని అమ్మాయి చెప్పింది కాబట్టి ఉరుకుతాడు. స్వామీ, నా పంతం కోసం వాణ్ని ఉరికించనా? పటం ముందు పొద్దున అడగలేనిది ఇదేనా?

లేచి అద్దాల గది తలుపు తట్టాను. చెప్పాను. దాచుకోకుండా మొత్తం, ఊర్లను పైన పెట్టిన సంగతి కూడా. రామాంజనేయులు సార్ పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాడు.

"నువ్వు చెప్పకుంటే నాకు తెలిసేది కాదు కదప్పా. ఎందుకు చెప్పినావ్?"

"తప్పు కద సార్."

"తప్పే. ఇట్లాంటి తప్పు పెట్టుకుని నా మీద పంతాలు పోతాండావా వారం నుంచి? పైన పెట్టినాడంట పైన! అదేమన్నా పెళ్లి బంతా, మీవాళ్లకు ముందు వడ్డించనీకి?" ముఖం ఎర్రబడింది. "పదిహేను నిమిషాలు. అంతలోపల కాకుంటే తొమ్మిదీ తీసి పాతదే పంపుతా. ఇంగ మాట్లాడొద్దు."

వచ్చి కూర్చున్నాను, శిరీష కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. ప్రతి పిలుపుకూ దాని ఊరి పేరు కట్టి పంపాలి, జవాబు ఆ పేరుతోనే తిరిగి రావాలి, ఎప్పుడొచ్చినా ఎంత ఆలస్యంగా వచ్చినా తన వరుసలోకే వెళ్లాలి. చెప్పుకుంటే ఇంతే. పదకొండు పంక్తులు మార్చాం, ఎనిమిదోదాంట్లో నేను చేసిన తప్పు ఆమె పట్టింది, "నెమ్మదండీ, నెమ్మది, మా తెనాలి ఎక్కడికీ పోదు" అంది. ఊర్లను మళ్లీ అకారాదిగా పేర్చాను. నా చేత్తో పైకెక్కించినవాటిని నా చేత్తోనే దించుతుంటే బాధ కలుగుతుందనుకున్నాను, కలగలేదు. ఎక్కడున్నా పిలుపు ఒకేసారి వెళ్తుంది. పదీ యాభై రెండుకు మీట నొక్కాను. ఈసారి వరుసలు పై నుంచి కిందికి నిండలేదు, ఇక్కడొకటి అక్కడొకటి, వాన మొదలైనప్పుడు నేల మీద చినుకులు పడ్డట్టు. తెనాలి, ఓ నెగిటివ్ మూడు. శిరీష చిన్నగా చప్పట్లు కొట్టింది. రెండు నిమిషాల తర్వాత సిరిసిల్ల, అక్కడ కరెంటు వచ్చినట్టుంది. సూర్యాపేట. ఇంకో పిలుపుకు మంచిర్యాల, కొత్తగూడెం. పదీ యాభై ఏడుకు పదిహేడు నిండాయి. నాలుగింటి ఎదురుగా నేను రాసిపెట్టిన వాక్యం నిలబడింది, జవాబు రాలేదు, మళ్లీ పిలుస్తున్నాం.

వెనక సార్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో తెలియదు.

"బాగుంది" అన్నాడు. "ఆ నాలుగూ తీసెయ్."

"తీయను సార్."

ఈసారి పైకే అన్నాను. శిరీష తల వంచుకుంది.

"ఏమంటివి?"

"తియ్యను సార్. పలకలేదంటే లేదని కాదు. జనగామల ఒక సంచి ఉంది, ఐసు డబ్బల ఉంది, పక్కన మనిషి కూసోని ఉన్నడు. ఈ తెర మీద ఆ ఊరు లేకపోతే ఇగ ఎవరు అడుగుతరు వాణ్ని? వరుస ఉంటే, జవాబు రాలేదని కనబడితే, ఆ అమ్మాయి కనీసం ఫోన్ చేసి అడుగుతది. తీసేస్తే ఆ ఊరే లేనట్టు." కీబోర్డు తీసి ఆయన వైపు జరిపాను. నా చేయి అంత పని చేస్తుందని నాకూ తెలియదు. "తీసేది ఉంటే మీరే తీయండి. పేరు పైకి చదివి తీయండి. తర్వాత నన్ను కూడ తీసేస్తరంటే తీసేయండి."

ఆయన కూర్చోలేదు. వంగి, ఒక చేత్తో బల్ల పట్టుకుని, రెండో చేతి వేలు మీట మీద ఉంచాడు. మొండివాడు, నాకంటే మొండివాడు, చదువుతాడని నాకు తెలుసు.

"గద్వాల" అన్నాడు. "జనగామ. బోధన్." నాలుగోదాని దగ్గర ఆగాడు. తెరకు దగ్గరగా వంగాడు. "హిందూపురమా? మా జిల్లానా?"

నేనూ అప్పుడే సరిగా చూశాను. ఇంతసేపూ నా కళ్లు నా ఊర్ల మీదే ఉన్నాయి.

"ఆడ సమ్మె లేదు కదప్పా."

"లేదు సార్."

"మరేమైంది?"

"నాకు తెల్వదు సార్. జవాబు రాలేదు. గంతే తెలుసు."

బల్ల మీది ఫోన్ మోగింది. పదకొండు. ఆయన వేలు మీట మీది నుంచి లేచింది, మళ్లీ వాలలేదు. "ఇది నీ గెలుపని అనుకోవాకు" అన్నాడు నాకు మాత్రమే వినబడేట్టు. నేను అనుకోలేదు. స్పీకర్ మీట నొక్కాడు. సంస్థ మేడం గొంతు గదంతా పరుచుకుంది, నమస్కారాలు అయ్యాయి, ఎన్ని కేంద్రాలతో పంపిస్తున్నారండీ అని అడిగింది. సార్ నా వంక చూశాడు. ఆయన నోరు తెరిచేలోపు నేనే అన్నాను.

"ఇరవై ఒకటి మేడం. పదిహేడు జవాబు చెప్పినయ్. నాలుగింటిని అడుగుతనే ఉన్నం."

"పలకనివి చూపించడం ఎందుకండీ? మా అమ్మాయిలు గాభరా పడతారు. లేవు అని పెట్టేస్తే సరిపోతుంది కదా?"

"లేదని చెప్పేది వాళ్లు మేడం. మనం కాదు."

అన్నాక నాకు రేణుక ముఖం కనబడింది, కిరాయి గుర్తొచ్చింది, అయినా మాట వెనక్కి తీసుకోవాలనిపించలేదు. రామాంజనేయులు సార్ గొంతు సవరించుకుని ఫోన్ మీదికి వంగాడు.

"ఇరవై ఒక్కటే మేడం. అట్లే పంపిస్తాండాం" అన్నాడు, నా వంక చూడకుండా.

తెర మీద రెండు నిమిషాలు నిండాయి. గద్వాల, జనగామ, బోధన్, హిందూపురం. నాలుగింటినీ ప్రోగ్రామ్ మళ్లీ పిలిచింది, ఒకేసారి.